బాల నేరస్తులకు ఉరిశిక్ష వద్దనే వైద్య వాదనను సిద్ధం చేసుకునే పద్ధతి

దేశంలో ఎక్కడో ఒక ఘోరం జరిగి, నిందితుల్లో ఒకడికి 18 ఏళ్లు నిండలేదని బయటపడగానే, విశాఖపట్నంలో కూడా టీ కొట్టు మొదలుకొని కళాశాల సెమినారు గది దాకా ఒకటే మాట వినిపిస్తుంది: పెద్దవాళ్లు చేసే నేరం చేసినవాడికి పిల్లల శిక్ష ఏమిటి, ఉరి తీయవలసిందే కదా అని. బాధితుల పక్షాన పుట్టిన కోపం అది కాబట్టి దాన్ని తేలిక చేసి మాట్లాడకూడదు. అయితే ఆ మాటకు వైద్యశాస్త్రం దగ్గర గట్టి జవాబు ఉంది, దాన్ని కొలత తప్పకుండా చెప్పగలిగినవారే తక్కువ. ఆంధ్ర వైద్య కళాశాలలోని హౌస్ సర్జన్‌కు గానీ, ఆంధ్ర విశ్వవిద్యాలయం న్యాయ కళాశాలలోనో సబ్బవరం దగ్గరి దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనో చదువుకునే విద్యార్థికి గానీ, జిల్లా కోర్టులో కొత్తగా వకాల్తా వేస్తున్న న్యాయవాదికి గానీ ఈ వాదనను ఒక వేదిక మీద, ఒక వినతిపత్రంలో లేదా ఒక కేసు ఫైలులో వినిపించవలసి వస్తే దాన్ని ఎలా కట్టుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా మీరు కోరుతున్నది ఏమిటో తేల్చుకోండి

ఈ వాదన చేసేవారిలో చాలామంది మొదటి వాక్యంలోనే దారి తప్పుతారు. "మెదడు ఎదగలేదు కాబట్టి వాడి తప్పు లేదు" అని మొదలుపెడతారు. సభలో కూర్చున్నవారిలో ఎవరైనా లేచి, అదే వయసు పిల్లలు లక్షల మంది ఏ నేరమూ చేయకుండా ఇంటర్మీడియట్ చదువుకుంటున్నారు కదా అని అడిగితే అక్కడితో వాదన కూలిపోతుంది. వైద్యుడు చెప్పగలిగిన మాట వేరు. 17 ఏళ్ల కుర్రాడికి హత్య తప్పని తెలుసు, వాడు జవాబుదారీ వహించాలి, శిక్షగానో సంస్కరణగానో చట్టం వాడి మీద చర్య తీసుకోవాలి. వైద్యశాస్త్రం ప్రశ్నించేది ప్రాణం తీసే శిక్షను ఒక్కదాన్నే. ఆ శిక్ష వేయాలంటే న్యాయస్థానానికి రెండు విషయాలు నిశ్చయంగా తెలియాలి: నేరం చేసిన నాటికి అతని వయసు ఎంత అన్నది ఒకటి, అతని స్వభావం ఇక ఎప్పటికీ మారని విధంగా స్థిరపడిపోయిందా అన్నది రెండోది. ఈ రెండింటిలో ఏ ఒక్కదాన్నీ ఆ ఈడులో వైద్యుడు నిశ్చయంగా చెప్పలేడు. మీ వాదన మొత్తాన్ని వైద్యుడు చెప్పలేని ఈ రెండు సంగతుల మీద నిలబెట్టండి. వైద్యుడు ఏదో కనిపెట్టాడని గొప్పగా చెప్పుకోవడం కంటే, ఎక్కడ ఆగిపోవాలో తనకు తెలుసని నిజాయితీగా చెప్పడమే ఇక్కడ ఎక్కువ బలాన్ని ఇస్తుంది.

ఇక, చట్టం ఇప్పటికే బాలలకు మరణశిక్షను నిషేధించినప్పుడు ఈ శ్రమ ఎందుకని ఎవరైనా తప్పక అడుగుతారు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు చేసిన ఏ నేరానికీ మరణశిక్ష గానీ, విడుదలకు అవకాశం లేని జీవిత ఖైదు గానీ వేయకూడదన్నది నిజమే. 1992లో భారతదేశం చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 37వ అధికరణం కూడా అదే చెబుతుంది. అయినా ఈ వాదనకు పని మిగిలే చోట్లు కనీసం మూడు ఉన్నాయి. మొదటిది, చట్టాన్ని మార్చాలన్న డిమాండు ప్రతి ఘోరం తరువాతా లేస్తుంది. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ నిర్భయ ఘటన తరువాత వచ్చిన ఒత్తిడిలోనే, జస్టిస్ వర్మ కమిటీ వయసు తగ్గించవద్దని చెప్పినా, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారిని హేయమైన నేరాలలో పెద్దవారిలా విచారించే ఏర్పాటు 2015 చట్టంలోకి వచ్చింది. రెండోది, వయసు తప్పుగా నమోదైనవాడికి 21వ సెక్షన్ ఏ రక్షణా ఇవ్వలేదు. మూడోది, 18 నిండి ఇరవై ఒకటీ ఇరవై రెండు దాటనివారికి ఆ సెక్షన్ వర్తించదు గానీ, ఇదే వైద్య సమాచారం శిక్ష ఖరారు చేసే దశలో పనికివస్తుంది. మీరు మాట్లాడబోయేది ఈ మూడింటిలో దేని గురించో ముందే నిర్ణయించుకుంటే మిగతా కూర్పు సులువవుతుంది.

మెదడు గురించి ఎంతవరకు చెప్పాలి

మెదడు ఎదుగుదల గురించిన సమాచారం ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది, అందువల్లే అతిగా వాడబడుతుంది కూడా. మీకు కావలసినంత మేరకే తీసుకోండి. 1990ల చివరి నుంచి అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం ఒకే పిల్లలకు కొన్నేళ్ల తేడాతో మళ్లీ మళ్లీ ఎమ్మారై తీసి, మెదడులోని బూడిదరంగు పదార్థం కౌమారంలో పెరిగి తరువాత తగ్గుతుందని చూపింది. 2004లో నితిన్ గోగ్టే తదితరులు ప్రచురించిన అధ్యయనం 4 నుంచి 21 ఏళ్ల వరకు ఈ మార్పును వరుసగా చూసి, చూపు, కదలిక వంటి పనులు చేసే భాగాలు ముందుగా పక్వమవుతాయనీ, ఆలోచించి ఆగడం, పర్యవసానాలు తూచడం వంటి పనులలో ముఖ్యమైన నుదుటి వెనుక భాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఆఖరి వరుసలో పక్వమవుతుందనీ తెలిపింది. వాడని నాడీ సంధులు రాలిపోవడం, మిగిలిన నాడీ తంతువులకు మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకోవడం, ఈ రెండు పనులూ ఇరవైల మధ్య దాకా సాగుతూనే ఉంటాయి. మరోవైపు ఉద్వేగానికీ, బహుమతి ఆశకూ స్పందించే లోపలి భాగాలు యౌవనారంభంతోనే చురుకెక్కుతాయి. ఉద్రేకం ముందు వచ్చి నిగ్రహం వెనుక రావడం ఆ ఈడు పిల్లల్లో రోగం కాదు, ఎదుగుదలలో ఒక దశ.

దీన్ని శ్రోతలకు చేర్చడానికి మెదడు బొమ్మల కంటే ఒక ప్రయోగం బాగా పనిచేస్తుంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 306 మందిని మూడు వయో వర్గాలుగా విభజించి కంప్యూటరు మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు వస్తాయి, కానీ గోడను గుద్దుకుంటే మొత్తం పోతాయి. ఒంటరిగా ఆడినప్పటి కంటే పక్కన స్నేహితులు ఉన్నప్పుడు 13–16 ఏళ్లవారు ఎక్కువ సాహసానికి ఒడిగట్టారు. 24 దాటినవారిలో ఆ తేడా దాదాపు కనిపించలేదు. విశాఖ శ్రోతకు ఇది అర్థం కావడానికి భీమిలి బీచ్ రోడ్డు చాలు. పగలు తండ్రి ముందు కూర్చుని హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో, బ్రేకు ఎంత దూరంలో పడుతుందో చక్కగా చెప్పే కుర్రాడే, రాత్రి పదకొండింటికి రుషికొండ దాటాక వెనుక కూర్చున్న స్నేహితుడు "ఇంకొంచెం లాగరా" అనగానే యాక్సిలరేటరు తిప్పుతాడు. ప్రమాదం గురించి వాడికి ఉన్న జ్ఞానం ఆ గంటలో ఎక్కడికీ పోలేదు, దాన్ని వినియోగించే నిగ్రహమే ఇంకా గట్టిపడలేదు. ముఠాగా జరిగే నేరాలలో బాలుడి పాత్రను వివరించేటప్పుడు ఈ తేడాను శ్రోతలు మరిచిపోనివ్వకండి.

ఇక్కడే ఒక గీత గీసుకోవాలి. పైన చెప్పిన అధ్యయనాలన్నీ సగటు గురించి మాట్లాడతాయి. ఫలానా కుర్రాడి ఎమ్మారై తీసి, ఇతని మెదడు పక్వమైందని గానీ కాలేదని గానీ చెప్పగలిగిన వైద్యుడు ఎక్కడా లేడు. అవతలి న్యాయవాది "మీ క్లయింటు మెదడు సంగతి చెప్పండి" అంటే, చెప్పలేమని మీరే ఒప్పుకోండి, ఒప్పుకుని వెంటనే ఆ మాటను మీ పక్షానికి తిప్పండి: ఒక్కొక్క మనిషిలో తేల్చి చెప్పలేనప్పుడు, ఆ ఈడువారందరికీ వర్తించే నిషేధమే సురక్షితమైన మార్గం.

స్వభావం స్థిరపడిందని చెప్పగలమా

నా దృష్టిలో మొత్తం వాదనలో అత్యంత బలమైన భాగం ఇదే, అయినా దీన్ని రెండు వాక్యాలలో ముగించేసేవారే ఎక్కువ. మానసిక వైద్యులు వాడే నిర్ధారణ సూత్రాలలో సమాజ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అనేది ఒకటుంది. ఇతరుల హక్కులను లెక్కచేయకపోవడం, పశ్చాత్తాపం లేకపోవడం దాని లక్షణాలు. సామాన్య భాషలో "వీడు ఇక మారడు" అని జనం అనే మాటకు వైద్యంలో దగ్గరగా ఉండే పేరు అదే. ఆ పేరును 18 ఏళ్లు నిండనివారికి పెట్టకూడదని ఆ సూత్రాలే నిషేధించాయి, ఎందుకంటే కౌమారంలో కనిపించిన దురుసుతనం చాలామందిలో వయసుతో పాటు సద్దుమణుగుతుంది. ఒక రోగ నిర్ధారణ కాగితం మీద రాయడానికే వైద్యుడు సాహసించని మాటను, ఉరితాడుకు ఆధారంగా న్యాయస్థానం ఎలా తీసుకోగలదు అన్నది మీ ప్రశ్న కావాలి.

అమెరికా సుప్రీంకోర్టు 2005 మార్చి 1న రోపర్ వర్సెస్ సిమన్స్ కేసులో 18 ఏళ్లలోపు చేసిన నేరాలకు మరణశిక్ష చెల్లదని 5–4 మెజారిటీతో తీర్పు చెప్పినప్పుడు, జస్టిస్ ఆంథొనీ కెనెడీ సరిగ్గా ఈ తర్కాన్నే ఉపయోగించారు. తాత్కాలికమైన అపరిపక్వత వల్ల నేరం చేసినవాడెవడో, బాగుపడే ఆశే లేనివాడెవడో నిపుణులైన మనస్తత్వవేత్తలకే గుర్తించడం కష్టమైనప్పుడు, ఆ తీర్పును జ్యూరీ చేతిలో పెట్టకూడదని ఆయన రాశారు. ఆ కేసులో అమెరికన్ మెడికల్ అసోసియేషన్, మానసిక వైద్యుల సంఘాలు కలిసి కోర్టుకు తమ అభిప్రాయాన్ని సమర్పించాయి. ఆ తీర్పు మన కోర్టులను కట్టివేయదని గుర్తుపెట్టుకుని, అందులోని వైద్య తర్కాన్ని మాత్రమే తీసుకోండి.

మారుతారనడానికి ఆధారం అడిగితే, అమెరికాలో ఫీనిక్స్, ఫిలడెల్ఫియా నగరాలలో తీవ్రమైన నేరాలు చేసిన 1,354 మంది బాలబాలికలను 7 ఏళ్లపాటు వెంబడించి చూసిన పెద్ద అధ్యయనం ఉంది. 14 నుంచి 17 ఏళ్ల మధ్య నేరం చేసిన ఆ పిల్లలలో అత్యధికులు కాలం గడిచేకొద్దీ నేరాలను బాగా తగ్గించుకున్నారు లేదా పూర్తిగా మానేశారు. అదే తీవ్రతతో కొనసాగినవారు కొద్దిమందే. ఆ కొద్దిమంది ఎవరో మొదటి రోజున చూసి చెప్పడం కష్టమైంది.

బాల్య చరిత్రను సేకరించడం

కేసు ఫైలులో పనిచేసేవారికి ఈ భాగం అన్నింటికంటే ముఖ్యం, అన్నింటికంటే ఎక్కువ ఓపిక అవసరమైనది కూడా ఇదే. 1988లో మనోవైద్యురాలు డొరొతీ ఆట్నో లూయిస్ బృందం, అమెరికాలో నాలుగు రాష్ట్రాలలో మరణశిక్ష పడిన 14 మంది బాల నేరస్తులను పరీక్షించి ప్రచురించిన ఫలితాలు చదివితే మనసు కలుక్కుమంటుంది. 14 మందికీ చిన్నతనంలో తలకు గాయాలయ్యాయి. 12 మంది ఇళ్లలో దారుణంగా దెబ్బలు తిన్నారు. ఐదుగురిపై సొంత బంధువులే లైంగిక అత్యాచారం చేశారు. ఇద్దరికి మాత్రమే తెలివితేటల సూచీ (ఐక్యూ) 90 దాటింది. విచారణ సమయంలో ఈ సంగతుల్లో చాలా భాగం ఎవరూ కోర్టు ముందు పెట్టలేదు, ఎందుకంటే వాటిని ఎవరూ సరిగ్గా అడగలేదు, పిల్లలూ సిగ్గుతో దాచుకున్నారు. 14 అనేది చిన్న సంఖ్య కాబట్టి దీన్నుంచి శాతాలు చెప్పకండి. ఎక్కడ వెతకాలో చూపించే దారిగా మాత్రం వాడుకోండి.

అడిగే తీరు గురించి కొంచెం వివరంగా చెబుతాను. తల్లిని కూర్చోబెట్టి "మీ వాడి తలకు ఎప్పుడైనా గాయమైందా" అంటే "లేదు బాబూ" అనే జవాబు వస్తుంది. అదే ప్రశ్నను ముక్కలు చేసి, "అమ్మా, చిన్నప్పుడు మెట్ల మీంచో, చెట్టు మీంచో, పడవ మీంచో పడ్డాడా? కుట్లు ఎక్కడైనా వేయించారా? పడ్డాక వాంతులయ్యాయా? ఎంతసేపు మాట్లాడకుండా ఉండిపోయాడు? జ్వరం వచ్చినప్పుడు ఫిట్స్ వచ్చేవా?" అని నిదానంగా అడిగితే, మూడో ప్రశ్న దగ్గర ఆవిడకు ఏదో గుర్తొస్తుంది. కుర్రాడిని పరీక్షించేటప్పుడు జుట్టు పాయలు తీసి తలంతా వేళ్లతో తడిమి చూడండి; పాత కుట్ల మచ్చ చెవి పైన గానీ నడినెత్తిన గానీ దొరికితే, ఇది ఎప్పటిదిరా అని అక్కడి నుంచి సంభాషణ నడపవచ్చు. కేజీహెచ్‌లో, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రిలో, చూపించుకున్న పాత ఓపీ చీటీ, డిశ్చార్జి కాగితం ఇంట్లో రేషన్ కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉండటం పేదల ఇళ్లలో మామూలే, అడిగి తెప్పించండి. బడి ఎందుకు మానేశాడో, ఏ తరగతిలో చదవలేకపోయాడో, ఇంట్లో ఎవరు తాగి కొట్టేవారో, వాడు ఎప్పటి నుంచి పొద్దుపోయాక ఇంటికి రావడం మొదలుపెట్టాడో రాసుకోండి. లైంగిక హింస గురించి మొదటిసారి కలిసినప్పుడే అడగకండి, తల్లిదండ్రుల ముందు అసలే అడగకండి.

తెలివితేటల పరీక్ష, మానసిక అంచనా వంటివి మీరు స్వయంగా చేయబోకుండా, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి చోట అర్హులైన క్లినికల్ సైకాలజిస్టు చేత చేయించమని కోరండి. 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారిని పెద్దవారిలా విచారించాలా వద్దా అని తేల్చడానికి బాలల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద జువెనైల్ జస్టిస్ బోర్డు చేసే ప్రాథమిక అంచనా విషయంలో మీకు ఒక ఆధారం ఉంది. నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను అర్థం చేసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు, వీటిని బోర్డు పరిశీలించాలి. బోర్డు సభ్యులలో బాలల మనస్తత్వ శాస్త్రంలో అర్హత ఉన్నవారు లేకపోతే నిపుణుల సహాయం తప్పనిసరిగా తీసుకోవాలని 2022 జూలైలో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పర్యవసానం అంటే పోలీసులకు దొరికిపోవడం ఒక్కటే కాదు. బాధితుడి కుటుంబానికి ఏమవుతుంది, తన జీవితం ఏమవుతుంది అన్నవి కూడా అందులోకి వస్తాయి. ఇరవై నిమిషాల సంభాషణతో "తెలుసు, అర్థమైంది" అని టిక్కు పెట్టిన నివేదిక మీకు కనిపిస్తే దాన్ని ప్రశ్నించకుండా వదలకండి.

వయసు: ఎముకలు చెప్పేది, కాగితం చెప్పేది

జీవితానికీ మరణానికీ మధ్య ఒక పుట్టిన తేదీ నిలబడినప్పుడు, ఆ తేదీ ఎలా వచ్చిందో చూడటం వైద్యుడి పనే. అదే చట్టంలోని 94వ సెక్షన్ ప్రకారం వయసుకు ఆధారంగా చూడవలసింది ముందుగా బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి ధ్రువపత్రం, అది లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఆ రెండూ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష.

ఎముకల పరీక్షలో జరిగేది ఇది. మోచేయి, మణికట్టు, కటి ఎముక, మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక, వీటికి ఎక్స్‌రేలు తీస్తారు. పిల్లల ఎముక కొసకూ కాండానికీ మధ్య మృదులాస్థి ఉండటం వల్ల ఫిల్మును వెలుగుకు పెట్టి చూస్తే అక్కడ సన్నటి నల్లని చార కనిపిస్తుంది. ఎదుగుదల పూర్తయ్యేకొద్దీ ఆ చార మాసిపోయి, రెండు ముక్కలూ ఒకటవుతాయి. మగపిల్లల్లో మోచేయి దగ్గర ముందుగా, మణికట్టు దగ్గర సుమారు 17–19 ఏళ్లకు, కటి ఎముక అంచు దాదాపు అదే ఈడు నుంచి ఇరవై దాకా, జత్రుక లోపలి కొస ఇరవై దాటిన తరువాత కలుస్తాయి. పోషకాహార లోపం, దీర్ఘకాల రోగాలు, హార్మోన్ల తేడాలు ఈ వేళలను ముందుకో వెనక్కో జరుపుతాయి. ఫిల్ము పట్టుకున్న వైద్యుడు రాయగలిగింది ఒక వయసు పరిధి మాత్రమే. అందుకే 1982లోనే జయమాల కేసులో సుప్రీంకోర్టు ఈ పరీక్షలో అటూ ఇటూ రెండేళ్ల తేడా ఉండవచ్చని గుర్తించింది. "సుమారు 18" అని వచ్చిన నివేదిక 16 కూడా కావచ్చు, 20 కూడా కావచ్చు. నేరం జరిగిన అయిదారేళ్ల తరువాత పరీక్ష జరిగితే ఎముకలన్నీ కలిసిపోయి ఉంటాయి, అప్పుడు ఎక్స్‌రే నుంచి రాబట్టగలిగింది మరీ తక్కువ. నివేదికలో ఏ ఏ ఎముకలు చూశారో, పళ్లు చూశారో లేదో, పరిధి రాశారో లేక ఒకే సంఖ్య రాశారో గమనించండి. ఒకే సంఖ్య రాసిన నివేదికను అలాగే అంగీకరించకండి.

కాగితాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. పాడేరు, అరకు వైపు గ్రామాలలోనూ, మత్స్యకారుల పల్లెల్లోనూ బడిలో చేర్చే రోజున మాస్టారు అంచనాగా వేసిన తేదీ తరగతిలో సగం మందికి జూన్ నెలలోనే పడి ఉండటం చూస్తాం. ఒకటో తరగతిలో చేర్చుకోవాలని ఒక ఏడాది పెంచి రాయించడమూ ఉంది. ఆ ఏడాదే రేపు ఒక 17 ఏళ్లవాడిని 18 చేస్తుంది. అంగన్‌వాడీ రిజిస్టరు, టీకాల కార్డు, తోబుట్టువుల పుట్టిన తేదీలు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. అక్కకూ తమ్ముడికీ మధ్య అయిదు నెలల తేడా వచ్చిందంటే ఎక్కడో తప్పు ఉందని తెలిసిపోతుంది.

ఈ తప్పులు ఎంత దూరం పోతాయో చూపడానికి ఈ దేశపు తీర్పులే చాలు. 1994లో పూణేలో జరిగిన హత్యల కేసులో మరణశిక్ష పడిన ఒక వ్యక్తికి నేరం నాటికి పన్నెండున్నరేళ్లేనని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి విడుదల చేసింది. అప్పటికి అతను 28 ఏళ్లకు పైగా జైలులో గడిపాడు. మరో కేసులో, 1994లోనే డెహ్రాడూన్‌లో జరిగిన నేరానికి మరణశిక్ష పడి, 2012లో రాష్ట్రపతి దాన్ని జీవిత ఖైదుగా మార్చగా బతికిన ఒక వ్యక్తికి నేరం నాటికి 14 ఏళ్లేనని 2025 జనవరిలో అదే కోర్టు నిర్ధారించింది. ఆ శిక్షలు అమలై ఉంటే ఈ తీర్పులు వినడానికి ఎవరూ మిగిలేవారు కాదు. వయసు గురించిన అభ్యర్థనను ఏ దశలోనైనా, తుది తీర్పు తరువాత కూడా లేవనెత్తవచ్చని బాలల న్యాయ చట్టం 9వ సెక్షన్ చెబుతున్నందువల్లే అవి సాధ్యమయ్యాయి. సభలో మాట్లాడేవారు మెదడు గురించి చెప్పే సమయాన్ని కాస్త తగ్గించుకుని అయినా ఈ రెండు కేసులు తప్పక చెప్పాలని నా సలహా.

ఎదురయ్యే ప్రశ్నలు

అవతలి పక్షంలో చదువుకున్నవారు ఉంటే రోపర్ కేసులో జస్టిస్ స్కాలియా రాసిన అసమ్మతి తీర్పును తెస్తారు. గర్భస్రావం విషయంలో 1990 నాటి కేసులో కౌమార బాలికలు తామే నిర్ణయం తీసుకోగల పరిణతి కలవారని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కోర్టుకు చెప్పింది, హత్య దగ్గరకు వచ్చేసరికి పరిణతి లేదంటోంది, ఇదెక్కడి న్యాయం అని ఆయన నిలదీశారు. మంచి ప్రశ్న, దాటవేయకండి. వైద్యుడితో, పెద్దలతో మాట్లాడి, రోజుల తరబడి ఆలోచించి చేసే నిర్ణయంలో 16 ఏళ్లవారు పెద్దవారికి దాదాపు సమానంగా ఆలోచించగలరు. ఉద్రేకంలో, స్నేహితుల మధ్య, క్షణాల్లో చేసే నిర్ణయంలో ఆ సమానత్వం ఉండదు. ఇవి వేర్వేరు సామర్థ్యాలు, వేర్వేరు వయసుల్లో పక్వమవుతాయి. 2009లో స్టైన్‌బర్గ్ బృందం ఈ ఆక్షేపణకే జవాబుగా ఒక వ్యాసం ప్రచురించింది.

మరి పథకం వేసుకుని చేసిన నేరం మాటేమిటి అంటారు. రోపర్ కేసులోని నేరస్తుడు సిమన్స్ 17 ఏళ్ల వయసులో పథకం వేసుకునే హత్య చేశాడు, మైనర్లం కాబట్టి తప్పించుకోవచ్చని స్నేహితులతో అన్నాడని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఈ వాస్తవాన్ని మీరే ముందుగా చెప్పేయండి. ఆ తరువాత, అతని లెక్క ఎంత తప్పో చూపండి: అప్పటి మిస్సోరి రాష్ట్ర చట్టం ప్రకారం 17 ఏళ్లవాడికి మరణశిక్ష వేయవచ్చు, వేశారు కూడా. పథకం వేయగలగడం వేరు, ఆ పథకం తనను ఎక్కడికి తీసుకుపోతుందో సరిగ్గా అంచనా వేయగలగడం వేరు. భయపెట్టి ఆపడం అనే సిద్ధాంతం ఈ ఈడు పిల్లల దగ్గర ఎందుకు నిలవదో కూడా దీనితోనే చెప్పవచ్చు.

పద్దెనిమిదో పుట్టినరోజు నాడు మెదడులో ఏం మారుతుంది అని అడిగితే, ఏమీ మారదని చెప్పండి. ఆ గీత చట్టం గీసినది. జీవశాస్త్రం ప్రకారం దాన్ని జరపవలసి వస్తే పైకే గానీ కిందికి కాదు. 2022లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 21 ఏళ్లలోపువారికి మరణశిక్ష వద్దని తీర్మానించింది. మన దగ్గర మరణశిక్షపై సుప్రీంకోర్టు ఇచ్చిన 1980 నాటి బచ్చన్ సింగ్ తీర్పు నేరస్తుడి చిన్న వయసును శిక్ష తగ్గించే కారణాలలో చేర్చింది, 2022 మే నెలలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షకు వీలున్న కేసులలో మానసిక పరీక్ష నివేదికలను ప్రభుత్వమే ముందుగా కోర్టు ముందు ఉంచాలని చెప్పింది. 19 ఏళ్ల యువకుడి తరఫున పనిచేసే విశాఖ న్యాయవాదికి ఈ రెండు తీర్పులూ చేతిలో ఉండాలి.

బాధితుల గురించి అడిగిన ప్రశ్నకు అధ్యయనాలతో జవాబు ఇవ్వకండి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ప్రీఫ్రంటల్ కార్టెక్స్ గురించి మాట్లాడటం క్రూరత్వం. ఆమెకు జరిగిన నష్టాన్ని ఏ శిక్షా పూడ్చలేదని తెలిసినా, విచారణ త్వరగా ముగియడం, పరిహారం అందడం, కౌన్సెలింగ్ దొరకడం ఆమె హక్కులని, వాటి కోసం కూడా మీరు నిలబడతారని చెప్పండి. చెప్పి ఊరుకోకుండా మీ వినతిపత్రంలో ఆ కోరికలను చేర్చండి.

వేదిక మీదికి వెళ్లేముందు

తెలుగులో మాట్లాడండి. వైద్య పదాన్ని ఒకసారి చెప్పి, వెంటనే అది చేసే పని ఏమిటో చెబితే చాలు. రంగురంగుల మెదడు చిత్రాలు తెరమీద వేయడం మానండి, అవి ఉన్నదానికంటే ఎక్కువ నిశ్చయాన్ని నటిస్తాయి. మీ ప్రతిని మానసిక వైద్యం చదివిన ఒకరి చేత, బాలల న్యాయ చట్టం కింద కేసులు నడిపిన ఒకరి చేత విడివిడిగా చదివించండి. మొదటివారు మీరు అతిగా చెప్పిన చోటును, రెండోవారు సెక్షన్ తప్పిన చోటును పట్టుకుంటారు. సెక్షన్ల పాఠాన్ని తాజా సవరణలతో సరిచూసుకోండి.

మన నగరంలోనే జరిగిన ఏదైనా ఘటనను ఉదాహరణగా తీసుకోవాలనిపిస్తే, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్‌ను దృష్టిలో పెట్టుకోండి. బాలుడి పేరు, బడి, చిరునామా, ఫొటో మాత్రమే కాకుండా అతన్ని గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమూ బయటపెట్టకూడదు. వీధి పేరూ, తండ్రి వృత్తీ, ఘటన జరిగిన తేదీ కలిపి చెబితే ఆ వార్డులో అందరికీ అతనెవరో తెలిసిపోతుంది కాబట్టి, ఆ మూడింటినీ కొట్టివేసిన తరువాతే ప్రతిని ముద్రణకు ఇవ్వండి.